రాయకుండా వదిలేసిన సగం కేసు

కెనడాలోని మాంట్రియల్ నగరం. 1972కు కొంచెం ముందు అక్కడి ఫోరెన్సిక్ ప్రయోగశాలకు ఒక పాత ఫొటో చేరింది. గుర్రపు స్వారీ దుస్తుల్లో నిలబడిన యువతి. మనిషి ఆరోగ్యంగా, నిబ్బరంగా కనిపిస్తోంది. ఫొటో మీద 1882 అనే సంవత్సరం తెలుస్తోంది కానీ, ఎక్కడ తీశారన్నది మాత్రం కంటికి ఆనడం లేదు. ప్రత్యేకమైన వెలుతురు కింద పెట్టి చూస్తే ఊరి పేరు బయటపడింది. కొన్‌స్టాన్స్. జర్మనీకి, స్విట్జర్లాండ్‌కు సరిహద్దులో, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న పట్టణం.

ఫొటో పంపినవాడు మానసిక వైద్య చరిత్రకారుడు ఆన్రీ ఎలెన్‌బెర్జే. అందులోని యువతి బెర్తా పాపెన్‌హైమ్. వైద్య గ్రంథాల్లో ఆమెను 'ఆనా ఓ' అంటారు. వియన్నా వైద్యులు జోసెఫ్ బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ 1895లో అచ్చు వేసిన హిస్టీరియా పుస్తకంలో మొదటి కేసు ఆమెదే. మాట్లాడించి మనసుకు వైద్యం చేయవచ్చని లోకానికి చూపించిన కేసుగా దానికి పేరు. పుస్తకం ప్రకారం 1882 జూన్‌లో చికిత్స ముగిసింది. పూర్తిగా తేరుకోవడానికి చాలా కాలం పట్టినా, ఆ తర్వాత ఆమె సంపూర్ణ ఆరోగ్యంతో ఉందని ఆమెకు వైద్యం చేసిన బ్రాయర్ రాశాడు. మరి అదే ఏడాది ఆమె వియన్నాకు అంత దూరంలో ఎందుకుంది? ఎలెన్‌బెర్జే ఆరా తీశాడు. కొన్‌స్టాన్స్‌ను ఆనుకునే ఉన్న స్విస్ పట్టణం క్రాయిట్స్‌లింగెన్‌లో బెల్‌వ్యూ అనే మానసిక చికిత్సాలయం ఉంది. దాని పాత దస్త్రాల్లో బెర్తా పేరుతో కాగితాలు దొరికాయి. బ్రాయర్ స్వయంగా రాసి పంపిన నివేదిక ఒకటి, అక్కడి డాక్టరు రాసిన నివేదిక ఒకటి.

అచ్చయిన కేసులో లేని సంగతి ఆ కాగితాల్లో ఉంది. బెల్‌వ్యూ గడప తొక్కేనాటికి బెర్తా మోర్ఫిన్‌కు అలవాటు పడిపోయింది.

ఒకే మనిషిలో రెండు బాధలు. జ్ఞాపకం, 'నేను' అనే ఎరుక ముక్కలు కావడం ఒకటి. మత్తుమందు లేనిదే రోజు గడవకపోవడం రెండోది. వైద్యం మొదటిదాన్ని పుస్తకంలోకి ఎక్కించి, రెండోదాన్ని బీరువాలో పెట్టింది. తర్వాతి వందేళ్లలో ఎన్నో ఆస్పత్రుల్లో ఇదే జరిగింది, కాకపోతే తిరగబడి: మత్తు అలవాటు కేసు షీటులోకి ఎక్కింది, ముక్కలైన మనసు బయటే మిగిలింది.

బెర్తా 1859లో వియన్నాలో, కలిగిన యూదు కుటుంబంలో పుట్టింది. నాలుగైదు భాషలు వచ్చినా, ఆనాటి చాలామంది ఆడపిల్లల లాగే ఆమె చదువు కూడా మధ్యలోనే ఆగిపోయింది. 1880 జులైలో తండ్రి జబ్బుపడ్డాడు. రాత్రిళ్లు మేల్కొని ఆయన్ను కనిపెట్టుకుని ఉండే బాధ్యత కూతురి మీద పడింది. అలాంటి ఒక రాత్రి, కుర్చీ వీపు మీద కుడిచేయి వేసుకుని కూర్చున్న ఆమెకు, ఒక నల్లని పాము తండ్రిని కాటేయడానికి వస్తున్నట్టు కనిపించింది. తరుముదామంటే చేయి కదల్లేదు. అప్పటి నుంచి లక్షణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కుడిచేయి చచ్చుబడింది. చూపు, మాట దెబ్బతిన్నాయి. కొంతకాలం మాతృభాష అయిన జర్మన్ నోటికి రాక ఇంగ్లిష్‌లోనే మాట్లాడింది. 1881 ఏప్రిల్‌లో తండ్రి చనిపోయాక పరిస్థితి ఇంకా దిగజారింది.

బ్రాయర్ దృష్టిని అన్నిటికంటే ఎక్కువగా లాగింది ఆమె స్పృహలో వచ్చే మార్పు. ఆమెలో రెండు స్థితులు ఉండేవి. ఒకదానిలో దిగులుగా ఉన్నా చుట్టూ ఉన్నవాళ్లను గుర్తుపట్టేది. రెండోదానిలో తిట్టేది, దిండ్లు విసిరేది, లేనివి చూసేది. ఒక స్థితిలో జరిగింది ఇంకో స్థితిలో గుర్తుండేది కాదు. నా సమయం మాయమైపోతోంది, మధ్యలో ఏం జరిగిందో తెలియడం లేదు అని మొత్తుకునేది. రెండో ఏడాది మరీ విచిత్రంగా, తాను ఏడాది వెనక్కి వెళ్లినట్టు, సరిగ్గా పోయిన సంవత్సరం అదే రోజున జరిగినవి ఇప్పుడు జరుగుతున్నట్టు ప్రవర్తించింది. తల్లి డైరీతో సరిచూస్తే తేదీలు సరిపోయాయి.

ఈ స్థితినే ఈనాటి వైద్యులు డిసోసియేషన్ అంటున్నారు. మామూలుగా జ్ఞాపకం, అనుభూతి, ఒంటి మీది స్పృహ, 'ఇది నేను' అన్న ఎరుక అన్నీ కలిసే నడుస్తాయి. భరించలేని భయం, ముఖ్యంగా చిన్ననాట పదేపదే పడిన దెబ్బ, ఆ కలయికను తెగ్గొడుతుంది. కొందరికి గంటలు, రోజులు గుర్తుండవు. కొందరికి తమ ఒళ్లు తమది కాదనిపిస్తుంది, చుట్టూ లోకం నిజం కానట్టు తోస్తుంది. అరుదుగా కొందరిలో ఒకరికంటే ఎక్కువ మంది ఉన్నట్టు బయటపడుతుంది.

బ్రాయర్ సాయంత్రం వచ్చి కూర్చుంటే బెర్తా ఆ రోజు తనను పట్టి పీడించిన ఊహలన్నీ చెప్పేది. చెప్పాక తేలికపడేది. ఈ పద్ధతికి ఆమె పెట్టిన ఇంగ్లిష్ పేరే 'టాకింగ్ క్యూర్'. అయితే 1881 జూన్‌లో ఆత్మహత్య భయంతో ఆమెను వియన్నా శివార్లలోని ఇన్‌జెర్స్‌డోర్ఫ్‌కు మార్చాక బ్రాయర్ రోజూ రాలేకపోయాడు. ఆయన రాని రాత్రి నిద్ర పట్టేది కాదు. అప్పుడు క్లోరల్ హైడ్రేట్ ఇచ్చేవారు, మోతాదు కొన్నిసార్లు ఐదు గ్రాముల దాకా పోయేది. మాట దొరికిన రాత్రి మాటే మందు. మాట దొరకని రాత్రి మందే దిక్కు. డిసోసియేషన్‌కూ మత్తుకూ ఉన్న సంబంధం మొత్తం ఈ ఏర్పాటులోనే కనిపిస్తుంది. తెగిన మనసు ఊరట కోరింది, మనుషుల దగ్గర అది దొరకనప్పుడు సీసాలో దొరికింది.

ఆ సీసా అప్పటికి కొత్తది. క్లోరల్ హైడ్రేట్‌ను జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1832లోనే తయారు చేసినా, నిద్రమందుగా వాడవచ్చని బెర్లిన్‌లో లీబ్రైఖ్ చూపించింది 1869లో. పదేళ్లు తిరిగేసరికి యూరప్‌లోని కలిగిన ఇళ్లలోకీ, పిచ్చాసుపత్రుల్లోకీ అది చేరిపోయింది. మోర్ఫిన్ అంతకంటే పాతది. 19వ శతాబ్దం మొదట్లోనే నల్లమందు నుంచి వేరుచేశారు. 1850ల్లో సూది వచ్చాక దాని ప్రభావం మారిపోయింది. చర్మం కింద పొడిస్తే నొప్పి నిమిషాల్లో తగ్గుతుంది. సూదితో పొడిస్తే అలవాటు పడరని చాలామంది డాక్టర్లు మొదట్లో నమ్మారు కూడా. 1877లో బెర్లిన్ వైద్యుడు ఎడువార్డ్ లెవిన్‌స్టైన్ మోర్ఫిన్ వ్యసనం మీద ఒక పుస్తకమే రాసి, ఇది ఒక జబ్బని హెచ్చరించాడు. హెచ్చరిక వచ్చిన ఐదేళ్లకు, ముఖంలో నరాల పోటు భరించలేకపోతున్న బెర్తాకు మోర్ఫిన్ సూదులు మొదలయ్యాయి. అలవాటు చేసింది వీధి కాదు, వైద్యమే.

అదే వియన్నాలో బ్రాయర్ చూస్తున్న మరో రోగి ఎర్న్‌స్ట్ ఫ్లైషల్ మార్క్సో, పేరున్న శరీరశాస్త్ర పరిశోధకుడు. బొటనవేలు తీసేశాక మిగిలిన నరాల నొప్పికి మోర్ఫిన్ మొదలుపెట్టి అందులో కూరుకుపోయాడు. మోర్ఫిన్ మాన్పించడానికి 1884లో ఫ్రాయిడ్ ఆయనకు కొకైన్ సూచించాడు. ఫ్లైషల్ రెండింటికీ బానిసై 1891లో చనిపోయాడు.

బెర్తా 1882 జులై 12న బెల్‌వ్యూలో చేరింది. దాన్ని 1857లో లుడ్విగ్ బిన్స్‌వాంగర్ స్థాపించాడు. సంకెళ్లు, చీకటి గదులు లేని చోటు. తోట ఉండేది, డాక్టరు కుటుంబం రోగులతో కలిసి భోజనం చేసేది. తర్వాతి దశాబ్దాల్లో నర్తకుడు నిజిన్‌స్కీ, కళాచరిత్రకారుడు అబీ వార్‌బుర్గ్, యుద్ధంతో చితికిపోయి మత్తుమందుల పాలైన చిత్రకారుడు కిర్షనర్ అక్కడే చికిత్స పొందారు. బెర్తా వచ్చినప్పుడు స్థాపకుడి కొడుకు రాబర్ట్ బిన్స్‌వాంగర్ నడుపుతున్నాడు. అక్కడి డాక్టరు నివేదికలో రెండు విషయాలూ పక్కపక్కనే ఉన్నాయి. సాయంత్రమయ్యేసరికి ఆమెకు జర్మన్ భాష పోవడం ఇంకా ఆగలేదు. మోర్ఫిన్ తగ్గించబోతే ముఖం నొప్పి తిరగబెట్టేది. ప్రయత్నాలు ఫలించలేదు. అక్టోబరు 29న వెళ్లిపోయేటప్పుడు కూడా ఆమె మోర్ఫిన్ మీదే ఉంది. 1883 నుంచి 1887 మధ్య మరో మూడుసార్లు ఇన్‌జెర్స్‌డోర్ఫ్ చికిత్సాలయంలో ఉండాల్సి వచ్చింది.

బ్రాయర్‌కు ఇదంతా తెలుసు. అయినా 1895 పుస్తకంలో క్లోరల్ ప్రస్తావన ఉంది కానీ మోర్ఫిన్ ఊసు లేదు. ఆ లోపం ఖరీదైనది. పుస్తకం చదివి మనోవైద్యం నేర్చుకున్న తరాలకు, ముక్కలైన మనసున్న రోగి దగ్గర మత్తు అలవాటు గురించి కూడా అడగాలన్న పాఠం అందలేదు. ఆమె లక్షణాల్లో ఏది మనసుది, ఏది క్లోరల్‌ది, ఏది మోర్ఫిన్‌ది అన్న ప్రశ్న వేయడానికే, 1972లో ఎలెన్‌బెర్జే ఈ కాగితాల సంగతి బయటపెట్టేదాకా ఆగాల్సి వచ్చింది. చరిత్రకారుడు హిర్ష్‌ముల్లర్ 1978లో ఆ పత్రాలను అచ్చు వేశాక ఆ చర్చ జోరందుకుంది.

బెర్తా మాత్రం కోలుకుంది. 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ చేరి అనాథ బాలికల ఆశ్రమం నడిపింది. 1904లో జర్మనీ యూదు మహిళల సంఘాన్ని స్థాపించింది. 1907లో నోయ్ ఇజెన్‌బుర్గ్‌లో ఆపదలో ఉన్న ఆడపిల్లలకు, పెళ్లికాని తల్లులకు ఒక ఇల్లు కట్టించింది. ఆడపిల్లల అమ్మకాల మీద పోరాడింది. 1954లో పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

పారిస్‌లో పియేర్ జానే 1889లో డిసోసియేషన్‌కు ఒక సిద్ధాంతమే కట్టాడు. తీవ్రమైన ఉద్వేగం తగిలినప్పుడు కొన్ని జ్ఞాపకాలు, అలవాట్లు ప్రధాన స్పృహ నుంచి విడిపోయి, తమంతట తాము పనిచేస్తాయన్నాడు. కానీ ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యాక ఫ్రాయిడ్ సిద్ధాంతాల వెలుగులో జానే మరుగునపడ్డాడు. మరోపక్క మత్తు సమస్య పోలీసు, చట్టం, నీతి చేతుల్లోకి వెళ్లింది. తాగుబోతుల వార్డు ఒకచోట, మానసిక రోగుల వార్డు ఇంకోచోట. రెండు బాధలూ ఉన్న మనిషి ఏ తలుపు తడితే ఆ జబ్బుకే వైద్యం దొరికేది.

మత్తు జ్ఞాపకాన్ని చీలుస్తుందన్న సంగతి జనానికి కొత్త కాదు. 1868లో విల్కీ కాలిన్స్ రాసిన మూన్‌స్టోన్ నవలకు మూలం శ్రీరంగపట్నం యుద్ధంలో దోచుకున్న వజ్రం. ఆ వజ్రాన్ని నల్లమందు మత్తులో తీసిన మనిషికి తానే తీశానని తెలియదు. మళ్లీ అదే మత్తు ఇచ్చి ఆ రాత్రిని తిరిగి నడిపించడమే కథలో కీలక ఘట్టం. కాలిన్స్ స్వయంగా నల్లమందు ద్రావకం వాడేవాడు. తాగినప్పుడు ఎక్కడో వదిలేసిన మూట జాడ తాగితేనే గుర్తొచ్చిన ఐరిష్ కూలీ ఉదంతాన్ని ఆయన నవలలో వాడుకున్నాడు. వందేళ్ల తర్వాత, 1969లో, అమెరికా వైద్యుడు డొనాల్డ్ గుడ్విన్ బృందం ప్రయోగం చేసి చూసింది. మద్యం మత్తులో నేర్చుకున్నవి కొన్ని, మళ్లీ మత్తులో ఉన్నప్పుడే బాగా గుర్తొచ్చాయి.

ఇక్కడే వ్యసన వైద్యులకు ఒక చిక్కు వచ్చింది. 1946లో జెల్లినెక్ తాగుడు ముదిరే దశలను వర్ణిస్తూ, తాగిన రాత్రి సంగతులు పొద్దున గుర్తులేకపోవడాన్ని ఒక ముఖ్యమైన హెచ్చరికగా చెప్పాడు. దాంతో గుర్తులేదు అన్న ప్రతి మాటనూ మద్యం ఖాతాలో వేయడం అలవాటైంది. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ డిసోసియేటివ్ జబ్బులకు ప్రత్యేక అధ్యాయం ఇచ్చింది. మత్తు పదార్థం వల్ల పోయిన జ్ఞాపకాన్ని ఆ జబ్బుగా లెక్కించకూడదన్నది వర్గీకరణలోని నియమం. నియమం సరైనదే. కానీ తాగనప్పుడు కూడా రోజులు మాయమవుతున్నాయా, తాగుడు మొదలు కాక ముందు కూడా ఇలా ఉండేదా అని ఎవరైనా అడిగితేనే అది పనికొస్తుంది. అడిగేవాళ్లు తక్కువ.

అడిగిన చోట జవాబులు వచ్చాయి. 1986లో ఈవ్ బెర్న్‌స్టైన్, ఫ్రాంక్ పట్నం 28 ప్రశ్నలతో ఒక పత్రం తయారు చేశారు. ఎక్కడికో వచ్చి ఎలా వచ్చానో గుర్తులేకపోవడం, కొన్న గుర్తు లేని వస్తువు తన దగ్గర కనిపించడం లాంటి అనుభవాలు ఎంత తరచుగా కలుగుతాయో అడిగే పత్రం అది. 1992లో కెనడా మనోవైద్యుడు కాలిన్ రాస్, తోటి పరిశోధకులతో కలిసి మత్తుకు బానిసలై చికిత్సకు వచ్చిన 100 మందిని పరీక్షించి, 39 మందిలో ఏదో ఒక డిసోసియేటివ్ జబ్బు ఉందని ప్రకటించాడు.

ఆ అంకెను చాలామంది నమ్మలేదు. అప్పట్లో అమెరికాలో ఈ రంగం మీద గట్టి వివాదం నడుస్తోంది. వైద్యులే పదేపదే అడిగి రోగుల్లో లేని జ్ఞాపకాలను పుట్టిస్తున్నారన్న ఆరోపణలు కోర్టుల దాకా వెళ్లాయి. వాటిలో నిజం ఉన్నవీ ఉన్నాయి. అందుకే మరో దేశంలో, మరో భాషలో పద్ధతిగా చేసిన పరీక్షలు అవసరమయ్యాయి.

అవి ఇస్తాంబుల్ నుంచి వచ్చాయి. మత్తు వైద్యానికీ మనోవైద్యానికీ ఆ నగరంలో ఒకే మూలపురుషుడు. డాక్టర్ మజహర్ ఉస్మాన్ 1920లో మద్యానికి వ్యతిరేకంగా గ్రీన్ క్రెసెంట్ సంఘాన్ని స్థాపించాడు. 1927లో పాత సైనిక బ్యారక్‌లలోకి మానసిక రోగులను తరలించి బాకిర్‌కోయ్ ఆస్పత్రిని తీర్చిదిద్దాడు. అదే ఆవరణలో 1983లో మద్యం, మత్తుమందుల చికిత్సకు ప్రత్యేక కేంద్రం వచ్చింది. 2000 దశకంలో వేదత్ షార్, ఫిగెన్ కరదాగ్, జునెయ్త్ ఎవ్రెన్ తదితరులు ఆ నగరంలోని వ్యసన చికిత్స కేంద్రాల్లో, క్రమబద్ధమైన ఇంటర్వ్యూలతో రోగులను పరీక్షించారు. మద్యం, డ్రగ్స్ రోగులు 215 మందిలో 17.2 శాతానికి డిసోసియేటివ్ జబ్బు ఉంది. కేవలం మద్యం రోగులు 111 మందిలో 9 శాతం. డ్రగ్స్ వాడే 104 మందిలో 26 శాతం. ఈ జబ్బు ఉన్నవారిలో చిన్ననాటి హింస, ఆత్మహత్యా ప్రయత్నాలు మిగతావారి కంటే ఎక్కువ. అన్నిటికంటే విలువైన సంగతి వరస. వీరిలో సగానికి పైగా మందికి ముక్కలైన అనుభవాలు ముందు వచ్చాయి, మత్తు తర్వాత వచ్చింది. మనిషి తన నొప్పికి తానే మందు వెతుక్కుంటాడని 1985లో అమెరికా వైద్యుడు ఖాన్‌ట్జియన్ చెప్పిన మాటకు ఇది బలమైన సాక్ష్యం.

దీని అర్థం చికిత్సలో కనిపిస్తుంది. మత్తు ఆపగానే అది కప్పిపెట్టిన భయాలు, మాయమైన రోజులు ఒక్కసారిగా పైకి వస్తాయి. వార్డులో ఎవరూ వాటి గురించి అడగకపోతే రోగి భయపడి మధ్యలోనే వెళ్లిపోతాడు, మళ్లీ తాగుతాడు. చూసేవాళ్లు మనసు గట్టిది కాదంటారు.

బెర్తాకు రాత్రిళ్లు పోసిన క్లోరల్ హైడ్రేట్ తెలంగాణ ప్రజలకు తెలియని మందేమీ కాదు. కల్లు దుకాణాల్లో తాటి, ఈత కల్లు చాలనప్పుడు నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్ప్రాజోలం కలిపి అమ్మే దందా దశాబ్దాలుగా సాగుతోంది. 2015లో దాడులు పెరిగి కల్తీ కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాద్ సహా పలు జిల్లాల్లో ఎంతోమంది ఫిట్స్‌తో, వణుకుతో, లేనివి కనిపిస్తున్నాయంటూ ఆస్పత్రులకు వచ్చారు. వింతగా ప్రవర్తించారని పత్రికలు రాశాయి. అది మందు ఆగినందుకు ఒళ్లు, మెదడు చేసిన తిరుగుబాటు. సరైన వైద్యంతో రోజుల్లో సర్దుకుంటుంది. దాన్ని డిసోసియేషన్ అనకూడదు. కానీ రోజులు గడిచి మత్తు పూర్తిగా దిగాక కూడా ఎవరికైనా సమయం మాయమవుతుంటే, తాను తాను కానట్టు ఉంటుంటే, అది ఇంకో జబ్బు. ఆ తేడా చూడాలంటే రోగిని డిశ్చార్జి చేశాక కూడా పిలిచి మాట్లాడాలి.

డిసోసియేషన్ మన దేశానికి పరాయిదేమీ కాదు. 1981లోనే చండీగఢ్ వైద్యులు వర్మ, బౌరీ, విగ్ ఒక వ్యాసంలో, పాశ్చాత్య దేశాల్లో బహుళ వ్యక్తిత్వంగా కనిపించేది ఇక్కడ ఎక్కువగా ఆవహించిన స్థితిగా కనిపిస్తుందని చర్చించారు. జాతరలో, బోనాల్లో వచ్చే పూనకం జబ్బు కాదు. దానికి వేళ ఉంది, చోటు ఉంది, దాన్ని మన్నించే ఊరు ఉంది. వేళాపాళా లేకుండా వచ్చి, మనిషిని బాధపెట్టి, బతుకును చెడగొట్టేదాన్నే వైద్యులు జబ్బంటారు. అలాంటి మనిషి తాగుడులో ఉంటే మన ఇళ్లలో తాగుబోతు వేషాలన్న ఒక్కమాటతో సంగతి ముగిసిపోతుంది.

2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి వైద్య సహాయం కావాలి. ఇస్తాంబుల్‌లో తేలిన శాతాలను ఇక్కడికి నేరుగా తెచ్చి లెక్క కట్టడం తప్పు. కానీ ప్రశ్నే వేయకపోవడం అంతకంటే పెద్ద తప్పు. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి డీఅడిక్షన్ కేంద్రంలో, మత్తు దిగి రోగి నిలకడగా ఉన్నప్పుడు, శిక్షణ ఉన్న మనిషి కూర్చుని అడగాల్సినవి కొద్ది ప్రశ్నలే. తాగనప్పుడు కూడా గుర్తులేని రోజులున్నాయా? ఇది ఎప్పటి నుంచి? చిన్నప్పుడు ఏమైనా జరిగిందా? జవాబును నోటికి అందించకూడదు, తొందరపెట్టకూడదు, విన్నది కేసు షీటులో రాయాలి.

ఇంట్లో ఎవరైనా ఈ రెండు బాధల్లోనూ ఉంటే, మత్తును ఇంట్లోనే ఒక్కసారిగా ఆపించకండి, ప్రాణం మీదికి రావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416కు, వ్యసన సహాయానికి 14446కు ఫోన్ చేయవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఎంత తాగుతున్నాడో చెప్పడంతో ఆపకుండా, తాగనప్పుడు ఎలా ఉంటున్నాడో కూడా చెప్పండి.